నార్వే బొమ్మల గదిలో అత్తయ్య కేక

నా చిన్నప్పుడు మేము డెట్రాయిట్ పక్కనే ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఉండేవాళ్లం. నాన్నగారు కార్ల కంపెనీలో ఇంజనీరు. మా మేనత్త అక్కడే ఒక ఆసుపత్రిలో నర్సు. ఎనభైల మొదట్లో ఒక చలికాలపు ఆదివారం, చర్చి అయ్యాక, అత్తయ్య నన్ను మ్యూజియంలో నార్వే దేశపు పాత చిత్రాల ప్రదర్శనకు తీసుకెళ్లింది.

మొదటి గదిలో కథల పుస్తకాల కోసం గీసిన బొమ్మలు. నెత్తిమీద చెట్లు మొలిచిన రాక్షసుడొకడు మేకను నోట కరుచుకుని కొండ దిగుతున్నాడు. పక్కనే పడవల మీద యుద్ధం, గొడ్డళ్లు, ఎర్రబడ్డ నీళ్లు. భయమేసి అత్తయ్య కోటు పట్టుకున్నాను. "రంగులేనే పిచ్చిదానా" అని నవ్వింది. అక్కడ అందరూ గుసగుసగానే మాట్లాడుకుంటున్నారు.

చివరి గది చిన్నది. బల్లమీద చేపలు, కోసిన నిమ్మకాయ, వెండి పళ్లెం, అలాంటి బొమ్మలే అన్నీ. ఆ గదిలోనే ఒక మూల, బొమ్మలు చూడ్డానికొచ్చిన మనిషొకడు, మంచి సూటు వేసుకున్నవాడు, తన భార్య మణికట్టు మెలితిప్పుతున్నాడు. ఆమె పెదవులు బిగబట్టుకుంది. ఉన్నట్టుండి ఆమె తలను గోడకేసి కొట్టాడు. నుదురు చిట్లి, రక్తం కంటి మీదుగా కారింది. గదిలో ఉన్నవాళ్లంతా చూశారు. చూసి, మళ్లీ చేపల వైపు తిరిగారు.

అత్తయ్య నన్ను గుమ్మం దగ్గర నిలబెట్టి, వెళ్లి వాళ్లిద్దరి మధ్య దూరింది. అతను అత్తయ్య మొహం మీద పిడికిలితో గుద్దాడు. కళ్లజోడు విరిగింది. నేలమీద పడ్డ అత్తయ్య పడ్డచోటినుంచే "చంపేస్తున్నాడు! రండి! ఎవరైనా రండి!" అని తెలుగులో కేకపెట్టింది. అంత చిన్న మనిషిలో అంత గొంతు ఉందని నాకు తెలియదు. అతను బూటుకాలితో పక్కటెముకల్లో తన్నాడు. ఆమె ఇంకా పెద్దగా అరిచింది. అన్ని గదుల్లోంచీ జనం పరుగెత్తుకొచ్చారు. గార్డులు అతన్ని బోర్లా పడేసి చేతులు విరిచిపట్టుకున్నారు.

పోలీసులు అడిగితే ఆ భార్య, కాలు జారి పడ్డానంది. అత్తయ్య తన చేతిరుమాలుతో ఆమె నుదురు అదిమిపట్టి, ఇంగ్లీషులో నెమ్మదిగా, "నేను జారిపడలేదమ్మా. నన్ను అతనే కొట్టాడు" అని మాత్రం అంది. ఆమె చాలాసేపు అత్తయ్య వాచిన మొహాన్ని చూసింది. తర్వాత ఏడుస్తూ నిజం చెప్పింది. అతనికి బేడీలు వేసి తీసుకుపోయారు. ఆమెను చెల్లెలు వచ్చి తన ఇంటికి తీసుకెళ్లింది.

కార్‌లో నేను అడిగాను. "అత్తా, మ్యూజియంలో షౌట్ చేయకూడదు కదా? మా టీచర్ చెప్పింది."

"ఎమర్జెన్సీ వార్డులో రోజూ చూస్తున్నానే, ఇలా దెబ్బలు తిని వచ్చేవాళ్లని. ఎవరూ అరవరన్న ధైర్యంతోనే వాడు కొడతాడు. ఆ ధైర్యం మనం వాడికి ఇవ్వకూడదు" అంది అత్తయ్య, పక్కటెముకలు ఒక చేత్తో పట్టుకుని డ్రైవ్ చేస్తూ.

ఆ తర్వాత నా జీవితంలోనూ అలా అరవాల్సి వచ్చింది. ఒకసారి ఎవరో పరాయి మనిషి కోసం. మరోసారి నా ఇంట్లోనే, నా కోసం. నా కోసం అరవడానికి గొంతు పెగలడం చాలా కష్టమైంది. కానీ పెగిలింది.