నాయన కారు పొద్దున్నే ఎందుకు లేవలేదంటే

నిన్న మా కారుకు కొత్త బ్యాటరీ వేయిస్తుంటే, పాతదాన్ని పైకి తీసినప్పుడు వచ్చిన పుల్లటి యాసిడ్ వాసనకు నేను ముక్కు మూసుకోలేదు సరికదా, రెండడుగులు దగ్గరికి జరిగి మరీ పీల్చాను. మెకానిక్ నన్ను వింతగా చూశాడు. చూడనీ, ఆదోనిలో నా చిన్ననాటి చలికాలం ఒకటి ఆ వాసనతోనే తెల్లారింది.

ఇంట్లో తెలుగే మాట్లాడుకునే ముస్లింలం మేము. నాయన మొదట పత్తి మిల్లులో పనిచేసేవాడు. పత్తి కాలంలో మా వీధంతా దూది ఎగిరేది, మిల్లు నుంచి ఆడవాళ్ళు తలనిండా దూదితో, కొంగున మాకోసం వేయించిన వేరుశనగ బుడ్డలు కట్టుకుని వచ్చేవాళ్ళు, మాకదంతా పండగే. నాయనకు మాత్రం ఆ దూది ఊపిరిలో దిగి, పొద్దున బొరుగుల ఉగ్గాని, బజ్జీ తింటూ కూడా మధ్యలో ఆపి కళ్ళు ఎర్రబడేదాకా దగ్గేవాడు. చివరికి మిల్లు మానేసి, ఒక పాత కారు కొని, యాత్రికులను మంత్రాలయానికి తిప్పడం మొదలుపెట్టాక దగ్గు తగ్గింది.

కొన్నేళ్ళకు ఒక చలికాలంలో కారుకేమైందో, రాత్రి బాగానే ఉండి పొద్దున్నే చచ్చినట్టు పడి ఉండేది. “తోయండప్పా!” అని నాయన అరిస్తే వీధి పిల్లలమంతా వెనక చేరి తోసేవాళ్ళం. మాకది ఆట, ఆయనకు ప్రాణసంకటం. కొత్త బ్యాటరీ వేసినా అంతే. దిష్టి తగిలిందని అమ్మ కట్టిన నిమ్మకాయలు ఎండిపోయాయిగానీ కారు లేవలేదు. యాత్రికులు వేరే బండ్లెక్కి వెళ్ళిపోయేవాళ్ళు. గోనెగండ్ల ఊరాయన ఒకడు, కారు కొంటాను, శుక్రవారం వస్తానన్నాడు.

“మళ్ళా ఆ మిల్లుకే పోతావా?” అంది అమ్మ. నాయన మిల్లులో ముక్కుకు కట్టుకునే పాత తువ్వాలు ఉతికి ఆరేశాడు. నాకు ఏడుపు ఆగలేదు.

గురువారం, చివరి ప్రయత్నంగా, కారు తోయించుకుని, నన్ను వెంటబెట్టుకుని ఎమ్మిగనూరులో బ్యాటరీలు బాగుచేసే ఈరన్న దగ్గరికి పోయాడు. ఈరన్న నన్ను ముందు సీట్లో కదలకుండా కూర్చోమని, తాళంచెవి తీయించి, తలుపులన్నీ వేయించి, బ్యాటరీ తీగ ఒకటి విప్పి, ఆ తీగకూ బ్యాటరీకీ మధ్య చిన్న బల్బు తగిలించాడు. బల్బు వెలిగింది!

“సూడప్పా, అన్నీ ఆపినా యాడో ఏదో కరెంటు తాగతాంది. నీ బండి నిద్రే పోలేదు.”

ఒక్కో ఫ్యూజు పీకుతూ వచ్చాడు. నాలుగోది పీకగానే బల్బు ఆరిపోయింది. అది కారు లోపలి లైట్లదట. పైనున్న లైటేమో తలుపులు వేసినప్పుడే ఆరిపోయింది. సామాన్లు పెట్టుకునే ముందరి అర మీద నేను ఊరికే చెయ్యి ఆనించాను.

“నాయనా, ఈడ వెచ్చగుంది!”

ఈరన్న మూత తెరిచాడు. లోపల కిక్కిరిసి అక్షింతల పొట్లాలు! మంత్రాలయం నుంచి తిరిగొచ్చి దిగేటప్పుడు ప్రతి యాత్రికుడూ నీ బండి చల్లగుండాలని ఒక పొట్లం ఇచ్చేవాడు. వద్దనలేక, కాళ్ళకింద పడతాయని పారేయలేక, నాయన ఏళ్ళ తరబడి వాటిని ఆ అరలోనే కుక్కాడు. ఆ చలికాలానికి అర నిండిపోయి, మూత పడినట్టే కనబడేదిగానీ, లోపలి చిన్న దీపాన్ని ఆర్పే మీటకు ఆనేది కాదు. ఆ దీపం రాత్రంతా వెలుగుతూనే ఉండేది.

“సల్లగుండాలనిచ్చినవే బండిని పండబెట్టినాయి గదప్పా!” అని ఈరన్న పగలబడి నవ్వాడు. నాయన కూడా నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నాడు. పొట్లాలన్నీ మాధవరం దగ్గర తుంగభద్రలో కలిపి ఇంటికొచ్చాం.

మర్నాడు పొద్దున నాయన తాళంచెవి తిప్పాడు. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది. కాసేపటికి గోనెగండ్లాయన వచ్చాడు.

“అమ్మేది లేదన్నా. టీ తాగి పో” అన్నాడు నాయన.

ఆ కారు ఎప్పుడో పాత ఇనుముకు పోయింది. ఈరన్న అంగట్లో ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, మా వీధి పిల్లలకు కారు తోయడమంటే ఏమిటో తెలియదు. నాయనతో మిల్లులో చేసినవాళ్ళు కొందరు లేరు, ఉన్నవాళ్ళు పది మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకుంటారు. నాయన మాత్రం నిన్న కూరగాయల సంచితో మా మూడో అంతస్తుకు ఎక్కి వచ్చాడు. లిఫ్టు ఉంది కదా నాయనా అని కోప్పడితే, ఆయాసమన్నది లేకుండా అన్నాడు:

“యాల పాపా, కరెంటు దండగ.”