జేజమ్మ చూసిన శని

నా చిన్నప్పుడు మా ఇంట్లో పాలు విరిగినా, గేదె తన్నినా, దానికి కారణం శని. ఆ శని నాది. మా నాన్నను కన్నతల్లిని మేము జేజమ్మ అని పిలిచేవాళ్ళం. ఆమె లెక్క ప్రకారం నాకు ఏలినాటి శని నడుస్తోంది. అది పట్టింది నన్నే అయినా, నేను మాత్రం దాన్ని ఇంటిల్లిపాదికీ పంచిపెడుతున్నానని ఆమె నమ్మకం. ఎండబెట్టిన వడియాలను కాకి ఎత్తుకుపోతే, ముందు కాకిని నోటికొచ్చినట్టు తిట్టేది. అంతలోనే కాకి శనిదేవుడి వాహనమని గుర్తొచ్చి గబగబా చెంపలు వేసుకునేది. ఆ తర్వాత నా వైపు తిరిగి, పాపం అన్నట్టు చూసేది. తిట్టినా బాగుండేది గానీ ఆ జాలి చూపు భరించడం కష్టంగా ఉండేది.

మాది కావలికి తూర్పున, సముద్రం వైపు పోయే దారిలో ఒక పల్లె. చుట్టూ వరి పొలాలు. ఊళ్ళో బడి ఐదో తరగతితో సరి. ఆరో తరగతికి నన్ను కావలిలో మా మేనత్త ఇంట్లో ఉంచి చదివించాలని మా నాన్న అనుకున్నాడు. మా అత్త అక్కడే ఆడపిల్లల బడిలో సైన్సు చెప్పేది. నేను అప్పటికే కావలి పోయినట్టు, రెండు జడలకు నీలం రిబ్బన్లు కట్టుకున్నట్టు కలలు కంటున్నాను.

ఇంతలో జేజమ్మ సిద్ధాంతి దగ్గరికి పోయి వచ్చింది. ఆయన పంచాంగం తిరగేసి, శని కన్యారాశిలో ఉన్నాడని, నాదీ కన్యారాశేనని, ఇట్లాంటి రోజుల్లో పిల్లను ఊరు దాటించకపోతేనే మేలని చెప్పాడట. శని వదిలిపోయాక పంపమన్నాడట. ఆ శని వదిలేసరికి నేను ఓణీలు కట్టే వయసుకు వస్తాను. అప్పుడు ఆరో తరగతిలో ఎవరు చేర్చుకుంటారు? మా నాన్న పొలంలో పదిమందిని గదమాయించే మనిషే గానీ, తల్లి ఎదట మాత్రం "చూద్దాంలేమ్మా" అనేసి తువ్వాలు భుజాన వేసుకుని బయటికి పోయేవాడు. మా అమ్మను ఎవరూ అడగలేదు. నేను గడ్డివామి వెనక కూర్చుని ఏడ్చాను. అక్కడ నన్ను చీమలు కుట్టాయి. అది కూడా శని ఖాతాలోనే పడింది.

ఎండాకాలం సెలవులకు మా అత్త వచ్చింది. చంకలో బట్టల సంచి, చేతిలో ఒక పొడుగాటి చెక్కపెట్టె. బస్సులో జనం ఆ పెట్టె చూసి, ఏదో పెళ్ళికి నాదస్వరం వాయించడానికి పోతోంది కాబోలనుకున్నారట. అందులో ఉన్నది బడివాళ్ళ దుర్భిణి. సెలవుల్లో దుమ్ము పట్టిపోతుందని, జాగ్రత్తగా చూసుకుంటానని మాటిచ్చి తెచ్చుకుంది.

వచ్చిన రోజే నా సంగతి విని జేజమ్మతో వాదానికి దిగింది. శని అంటే ఒక పెద్ద గోళమని, అదెక్కడో కోట్ల మైళ్ళ అవతల తిరుగుతుంటుందని, మన ఊరూ మన పిల్లా దానికి తెలియనే తెలియవని బల్లగుద్ది చెప్పింది. జేజమ్మ చింతపండు గింజలు తీస్తూ అంతా సావధానంగా విన్నది.

"దానికి తెలీకపోతే మరి సిద్ధాంతికెట్టా తెలిసిందిమే?" అని అడిగింది.

మా అత్త కూడా పక్కన కూర్చుని చింతపండు గింజలు తీయసాగింది. బడిలో ఆమెను అట్లాంటి ప్రశ్న ఎవరూ అడిగి ఉండరు.

మర్నాడు సాయంత్రం నన్ను తీసుకుని పొలం గట్టు మీద కూర్చుంది. కోతలైపోయాయి. బాతుల వాళ్ళు మందను తోలుకొచ్చి, రాలిన గింజల కోసం పొలాల్లో వదిలారు. ఒక పెద్ద వామి చుట్టూ బాతులు బారు తీరి నడుస్తున్నాయి. వామి వైపు ఒక కాపరి, బయటి వైపు ఇంకొక కాపరి. లోపలికి జరిగిన బాతును ఒకరు, బయటికి జరిగినదాన్ని ఇంకొకరు గడకర్రతో వరసలోకి తోస్తున్నారు. దూరం నుంచి చూస్తే వామికి తెల్లటి పట్టీ కట్టినట్టుంది.

శని చుట్టూ కూడా ఇట్లాగే వలయాలు ఉంటాయని మా అత్త చెప్పింది. చూడ్డానికి పళ్ళెం అంచులా కనిపిస్తాయి గానీ ఒకే ముక్కగా ఉండే పళ్ళెం కాదట. అన్నీ మంచుగడ్డలు, ముక్కలు, దుమ్మూ. దేనికది విడిగా తిరుగుతుందట. ఆ మధ్యే ఒక అంతరిక్షనౌక దాని పక్కగా పోతూ ఫొటోలు తీసి పంపిందట. వాటిలో చూస్తే, ఒక సన్నటి వలయానికి అటొకటి ఇటొకటి రెండు బుల్లి చంద్రుళ్ళు, అచ్చం ఈ కాపరుల్లాగా. నాకు అంతవరకూ శని అంటే నల్లగుడ్డ, నువ్వులనూనె, భయం. అట్లాంటి శని దగ్గర బాతులున్నాయని తెలిసేసరికి కొంచెం ధైర్యం వచ్చింది.

ఆ రోజు దీపాలు పెట్టే వేళకు మా అత్త వాకిట్లో దుర్భిణిని మూడుకాళ్ళ మీద నిలబెట్టింది. ఆ ఏడాది ఆకాశంలో గురువు, శని పక్కపక్కనే ఉన్నారు. ఈ సంగతి మా అత్త నాకు గానీ ఇంకెవరికి గానీ చెప్పలేదు.

"అమ్మా, గురువును చూస్తావా?" అని మాత్రం అడిగింది.

"ఏ గురువు?"

"బృహస్పతిమా. అదిగో, ఆ పెద్ద చుక్క."

జేజమ్మ వెంటనే లేచింది. కాళ్ళు కడుక్కుంది. మొహం తుడుచుకుని, కొప్పు సరిచేసుకుని, కొంగు నిండుగా కప్పుకుని వచ్చి పీట మీద కూర్చుంది. దేవతల గురువు ముందుకు ఎట్లా పడితే అట్లా రాకూడదు కదా. ఒక కన్ను మూసి చూడమంటే రెండు కళ్ళూ మూసి, "ఏం కనపళ్ళేదే" అనింది. తర్వాత మూయాల్సిన కన్ను తెరిచి, తెరవాల్సిన కన్ను మూసింది. చివరికి మా అత్త తన అరచేతిని ఆమె ఎడమ కంటికి అడ్డం పెట్టింది.

"అయ్యో, ఉండాడే! గుండ్రంగా ఉండాడు! పక్కన నాలుగు చుక్కలు వరసగా..."

"అవి ఆయన చంద్రుళ్ళు."

"బిడ్డలా?"

"అట్టాగే అనుకో."

అంతలోనే జేజమ్మ కేక పెట్టింది. "పోతుండాడు, పోతుండాడు! పట్టుకోమే!"

ఆయన పోవడం లేదని, భూమి తిరుగుతుంది కాబట్టి మనమే పక్కకు పోతున్నామని మా అత్త గొట్టం సర్దుతూ చెప్పింది. "నేను పీట మీంచి కదల్లేదే" అని జేజమ్మ గట్టిగా చెప్పింది. మా నాన్న నవ్వు ఆపుకోలేక తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడు మా అత్త గొట్టాన్ని ఇసుమంత పక్కకు జరిపింది. "ఇప్పుడు ఈయన్ను చూడు" అనింది.

జేజమ్మ గొట్టానికి ఇంకా దగ్గరగా వంగింది. తర్వాత చిన్నపిల్లలా నవ్వింది. "ఎంత ముద్దుగుండాడే! నడుముకు ఒడ్డాణం పెట్టుకోనుండాడు! ఎవురీయన?"

మా అత్త జవాబు చెప్పకుండా నా వైపు చూసింది. ఒడ్డాణం అనగానే నాకు అర్థమైపోయింది, ఆగలేకపోయాను. "అది ఒడ్డాణం కాదు జేజమ్మా, బాతుల్లాంటివి!" అన్నాను. వామి చుట్టూ తిరిగిన బాతుల సంగతీ, కాపరి చంద్రుళ్ళ సంగతీ ఏకబిగిన చెప్పేశాను. జేజమ్మ గొట్టం మీంచి కన్ను తీయకుండానే వింటోంది.

"ఈయనకు గూడా బిడ్డలుండారా?"

"బోలెడంతమంది. ఇంకా లెక్కే తేలలేదు" అనింది మా అత్త.

"ఇంతకీ ఎవురంటే చెప్పవే?"

"శని" అన్నాను నేను.

మా అమ్మ వంటింటి గుమ్మంలో గరిటెతో సహా ఆగిపోయింది. నేను చెవులు మూసుకున్నాను. జేజమ్మ గొట్టం మీంచి తల ఎత్తింది. ఆకాశం వైపు చూసింది, నా వైపు చూసింది. ఏమనుకుందో, మళ్ళీ వంగింది. "పక్కకు పోయినట్టుండాడు, సరిగా పెట్టుమే" అనింది. మా అత్త సరిచేసింది. ఈసారి ఇంకా ఎక్కువసేపు చూసింది. చూసి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేస్తూ, మా నాన్నతో అనింది.

"ఒరే అబ్బయా, ఇన్ని బాతుల్నీ ఇంతమంది బిడ్డల్నీ ఏసుకోని తిరిగే సంసారికి, మన పిల్ల ఎంట పడే తీరిక యాడుందిరా? పైగా గురువు పక్కనే కూసోనుండాడు, చూస్తా ఊరుకుంటాడా? బడికి పంపించు."

మా అత్త ఏదో చెప్పడానికి నోరు తెరిచింది. పొద్దుటి నుంచీ ఆమె ఒక ఉపన్యాసం సిద్ధం చేసుకుంది. గ్రహాలకు కోపం ఉండదని, తీరికా ఉండదని, అసలు ఇంత కథే లేదని చెప్పాలనుకుంది. తెరిచిన నోరు అట్లాగే మూసుకుని, గొట్టానికి మూత పెట్టింది.

మర్నాడు ఈ సంగతి తెలిసి సిద్ధాంతి వచ్చాడు. గురువు పక్కనున్నంత మాత్రాన శని వదిలినట్టు కాదని, పంచాంగం ప్రకారం ఇంకా ఏళ్ళు పడుతుందని నెమ్మదిగా చెప్పాడు. జేజమ్మ ఆయనకు మజ్జిగ ఇచ్చి, "మీరు చూసినారా సామీ?" అని అడిగింది. "పంచాంగంలో..." అని ఆయన మొదలుపెట్టాడు. "అది పుస్తకం. నేను కంటితో చూసినా" అనింది జేజమ్మ. ఆయన మజ్జిగ తాగేసి గ్లాసు కింద పెట్టి, తనూ చూడొచ్చునా అని మా అత్తను అడిగాడు. ఆ సాయంత్రం పీట మీద కూర్చుని చూశాడు. ఇన్నేళ్ళూ అంకెల్లో లెక్క కట్టిన గ్రహం కళ్ళెదుట కనబడేసరికి, చూస్తూనే చేతులు జోడించాడు. పక్కన జేజమ్మ, ఆ మంద అంతా తనదే అయినట్టు, ఏ బాతులు ఎటు పోతాయో వివరిస్తూ నిలబడింది.

కావలి పోయే బస్సులో నేను మా అత్తను అడిగాను, జేజమ్మ చెప్పింది తప్పు కదా, ఎందుకు ఊరుకున్నావు అని. "నువ్వు బస్సెక్కినావు కదా" అని కిటికీ వైపు తిరిగింది. కొంతదూరం పోయాక, "మిగతాది నువ్వు చదువుకున్నాక ఆమెకు చెప్పు" అనింది. నేను చదువుకున్నాను, చాలా ఏళ్ళు భౌతికశాస్త్రమే చెప్పాను. జేజమ్మకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఇప్పుడు శని చంద్రుళ్ళ లెక్క రెండు వందలు దాటిందని ఫోనులో చదివినప్పుడల్లా, ఆమె ఉంటే "నేను అప్పుడే చెప్పలా?" అని ఉండేదని నవ్వుకుంటాను.

నాకు వాదించడం ఇష్టం. గెలవడం ఇంకా ఇష్టం. అయినా ఎవరైనా తమకు తోచిన దారిన వచ్చి సరైన చోటికే చేరుకుంటే, ఆ దారి తప్పు అని నాలుక చివరిదాకా వచ్చిన మాటను మింగేసి, పక్కకు జరిగి చోటిస్తాను. మా అత్త దగ్గర నేర్చుకున్న పాఠాలన్నింటిలోకీ ఇదే నాకు ఇప్పటికీ సరిగా రాలేదు. ప్రతిసారీ కష్టపడే చేస్తుంటాను.