అడక్కుండా తీసుకోవచ్చు

మా విశ్వవిద్యాలయంలో ఆవిడ అసలు పేరు జీతాల సెక్షన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ పేడపురుగుల మేడమ్. ఉద్యోగం చేసినన్నాళ్లూ పేడపురుగుల మీదే పరిశోధన. వాటికోసం పేడ డబ్బాలు పట్టుకుని బస్సెక్కేవారు. బస్సు ఎంత కిక్కిరిసినా ఆవిడ పక్క సీటు మాత్రం ఖాళీగా ఉండేదట. "హాయిగా సర్దుకుని కూర్చునేదాన్నోయ్" అని చెప్పి తనే నవ్వేవారు. రిటైరయ్యాక అక్కగారితో కలిసి, బట్టలు కుట్టే దుకాణం పైన రెండు గదుల ఇంట్లో ఉండేవారు. అక్కగారు పోయాక రెండో గది తలుపు దగ్గరగా వేసే ఉంటోంది.

నేను లైబ్రరీలో రిపోజిటరీ చూస్తాను. మావాళ్లు రాసిన పరిశోధన వ్యాసాలన్నీ ఒకచోట చేర్చి, ఎవరైనా ఇంటర్నెట్‌లో డబ్బులివ్వకుండా చదువుకునేలా పెట్టడం నా పని. చెప్పుకోవడానికి గొప్పగానే ఉంటుంది. చెయ్యబోతే మాత్రం ప్రొఫెసర్ల గుమ్మాల ముందు పడిగాపులు. ఫైలు ఇవ్వండి మహాప్రభో అంటే మొహం చాటేస్తారు. జుట్టు సగం నెరిసింది ఈ పనిలోనే. మేడమ్‌కి మాత్రం నేనింకా లైబ్రరీ అబ్బాయినే.

మబ్బు పట్టిన రోజున పేడపురుగు దారి ఎలా చూసుకుంటుందన్నది ఆవిడ రాసిన పెద్ద వ్యాసం. దాన్ని అచ్చువేసిన పత్రికవాళ్లు కొన్నేళ్ల దాకా అందరికీ తెరవకూడదన్నారు. అలాంటివాటి పక్కన మేమొక మీట పెడతాం, 'కాపీ కోరండి' అని. అది నొక్కితే రాసినవాళ్లకి మెయిల్ వెళ్తుంది. వాళ్లు సరేనంటే కాపీ అందుతుంది. మిగతా పెద్దమనుషులు ఆ మెయిళ్లు తెరిచి కూడా చూడరు. మేడమ్ అలా కాదు. కాపీతోపాటు ఒక్కొక్కరికీ పేజీలకు పేజీలు రాసేవారు. మీదే ఊరు, మీవైపు వాన పడిందా, మీ పురుగులు నల్లవా గోధుమరంగువా, పొద్దున్నే బయటికొస్తాయా లేదా.

ఆ గడువు తీరిపోయింది. ఇక ఆవిడ ఒక్క సంతకం పెడితే మీట తీసేసి, వ్యాసం అందరికీ తెరిచెయ్యొచ్చు. ఆ సంతకం కోసం కాళ్లరిగేలా తిరిగాను. ఓసారి వ్యాసంలో బొమ్మ సరిచెయ్యాలన్నారు. ఓసారి కళ్లజోడు కనబడటం లేదన్నారు. అది నెత్తిమీదే ఉంది. ఇంకోసారి పెన్నులో సిరా లేదన్నారు. నా జేబులో పెన్నుంటే అది తన చేతికి కుదరదన్నారు. నాకు ఒళ్లు మండింది.

"ఎందుకు మేడమ్ నన్నిలా తిప్పుతారు? ఇష్టం లేకపోతే లేదని చెప్పెయ్యండి."

ఆవిడ నోరు తెరిచేలోపు ఫోను మోగింది. అక్కగారి అమ్మాయి. ఆస్పత్రిలో నర్సు. మేడమ్ స్పీకర్ నొక్కారు.

"పిన్నీ, తిన్నావా?"

"తిన్నానే."

"కంట్లో చుక్కలేసుకున్నావా?"

"ఆఁ, వేసుకున్నా."

"సరే, డ్యూటీకి టైమైపోయింది. ఉంటా."

ఫోను బల్లమీద పెట్టి ఆవిడ నావైపు తిరిగారు.

"బంగారుతల్లి. రోజూ చేస్తుంది. తిన్నావా అని అడిగేవాళ్లు నాకు లేరనను. పురుగు సంగతి అడిగేవాళ్లేరీ? అక్క ఉన్నప్పుడు ఆ డబ్బాలు అవతల పారెయ్యమని కనీసం విసుక్కునేది. ఇప్పుడా మీట నొక్కేవాళ్లే మిగిలారు. నువ్వది పీకేస్తే నన్నింకెవరడుగుతారు?"

కింద కుట్టుమిషను ఆగి ఆగి నడుస్తోంది. "మీరంతంత రాస్తారు కదా, వాళ్లు తిరిగి రాస్తారా?" అన్నాను.

"థాంక్స్ అంటారు. కొందరు అదీ అనరు. అయినా ముందు అడుగుతారుగా."

సంతకం లేకుండానే వచ్చేశాను. మళ్లీ వెళ్లి అడగడానికి మనసొప్పలేదు.

ఆ తర్వాత ఆవిడకి రెండో కంటికి కూడా శుక్లాల ఆపరేషన్ అయింది. అక్కగారి అమ్మాయి కంప్యూటర్ దరిదాపులకి కూడా వెళ్లనివ్వలేదు. మళ్లీ తెర చూడొచ్చని డాక్టరు చెప్పిన మర్నాడే మేడమ్ నన్ను రమ్మన్నారు. వెళ్లగానే కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, "చదువు" అన్నారు.

ఎవరో విద్యార్థిని. మేడమ్ మంచం మీద ఉన్నప్పుడు కాపీ కోరింది. జవాబు రాక మళ్లీ అడిగింది. ఆపైన మరోసారి బతిమాలింది. చివరి మెయిల్ చిన్నది. "మేడమ్, నా గడువు అయిపోయింది. మీ వ్యాసం చూడకుండానే నా థీసిస్ ఇచ్చేశాను. ఇక పంపనక్కర్లేదు. మీకు శ్రమ ఇచ్చినందుకు మన్నించండి."

"తిట్టినా బాగుండేది. మన్నించమంటోంది పిచ్చిపిల్ల" అన్నారు మేడమ్. "ఏదీ, ఆ కాగితం ఇలా ఇవ్వు."

నా పెన్నుతోనే సంతకం పెట్టేశారు.

"మరి బొమ్మ సరిచెయ్యాలన్నారు?"

"నా మొహం. బొమ్మ బాగానే ఉంది."

లైబ్రరీకి వెళ్లిన వెంటనే మీట తీసేసి వ్యాసం తెరిచాను. ఎంతమంది తమ కంప్యూటర్‌లోకి దించుకున్నారో పేజీ కింద లెక్క కనబడుతుంది. అది మెల్లగా పెరగడం మొదలైంది. కొన్ని వారాలకి మేడమ్ ఫోను చేశారు.

"ఎలా ఉందోయ్ మన వ్యాసం?"

"బ్రహ్మాండం మేడమ్. ఎక్కడెక్కడివాళ్లో దించుకుంటున్నారు."

"సంతోషం. ఎవరన్నా ఏమన్నా అడిగారా?"

"ఇప్పుడు అడగక్కర్లేదు కదా మేడమ్. తెరిచే ఉంది."

"అవునవును. మంచిదే."

ఆవిడ ఫోను పెట్టెయ్యలేదు. అవతల కుట్టుమిషను చప్పుడు వినబడుతూనే ఉంది. ఏదో ఒకటి అడగాలి కదా అని నోటికొచ్చింది అడిగేశాను.

"అవును మేడమ్, ఆ పురుగు పేడముద్దని వెనక్కి నడుస్తూ ఎందుకు దొర్లిస్తుంది?"

మిషను ఆగింది. మళ్లీ నడిచింది.

"నా వ్యాసం చదివావా?"

"లేదు మేడమ్."

"మొదటి పేజీలోనే ఉంటుంది. జాలిపడి అడుగుతున్నావు కదూ?" ఆవిడ గొంతులో కోపం లేదు. "మంచివాడివే. కానీ తిన్నావా అని అడిగినట్టే ఉంది నాయనా. ఉంటాను."

ఇన్నేళ్లుగా పేర్లు, సంవత్సరాలు, పేజీలు సరిచూసి ఎన్ని వ్యాసాలు ఎక్కించానో. ఒక్కటీ చదివిన పాపాన పోలేదు. సిగ్గేసింది. ఆవిడది తెరిచి కూర్చున్నాను. జవాబు మొదటి పేజీలోనే ఉంది. రెండో పేజీలో ఒక సంగతి బోధపడక ఫోను అందుకున్నాను. ఇది నిజంగా సందేహమా, మళ్లీ జాలేనా అన్నది నాకే తేలలేదు. నంబరు నొక్కకుండానే ఫోను పెట్టేశాను. అప్పటికే లైబ్రరీ తలుపులు వేసే వేళయింది. మిగతాది ఇంట్లో చదువుదామని ఫైలు దించుకున్నాను. పేజీ కింద, అడక్కుండా తీసుకున్నవాళ్ల లెక్క ఒకటి పెరిగింది.