కుర్చీ లేని క్లారినెట్ పాఠాలు

రాయపూర్ రైల్వే కాలనీలో దానయ్యను తెలుగువాళ్లు మాస్టారనీ, హిందీవాళ్లు బాజావాలా అనీ పిలిచేవారు. ఆయన పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. తండ్రి తణుకు దగ్గరి పల్లె నుంచి వచ్చి వ్యాగన్ల వర్క్‌షాపులో చేరితే, దానయ్య కుర్రతనంలోనే ఒక బ్యాండు వెనక నడుచుకుంటూ వెళ్లి, ఇంటికి రావడం మరిచిపోయాడు. ఆ నడకలోనే వాద్యం పట్టుబడింది. చుట్టుపక్కల ఊళ్లలో, ఆరంగ్ నుంచి ధర్సీవా దాకా, ఆయన వాయించని పెళ్లి ఊరేగింపు లేదు. అయితే కూర్చుని వాయించమంటే మాత్రం ఆయనకు ఊపిరి అందేది కాదు. ఈ సంగతి భార్య రత్నకుమారికి తప్ప ఎవరికీ తెలియదు.

వానాకాలంలో అక్కడ పెళ్లిళ్లు ఉండవు. రత్నకుమారి ఆసుపత్రిలో నర్సు. డ్యూటీ దిగి వచ్చి కాస్త కన్ను మూద్దామంటే, మొగుడు మంచం చుట్టూ తిరుగుతూ సాధన చేసేవాడు.

“ఎవరికైనా నేర్పకూడదా? బయటికెళ్లి నేర్పండి,” అంది ఒకరోజు.

అలా 1978లో మొదటి శిష్యుడు దొరికాడు. సుందరరావు రైల్వే ఆఫీసులో గుమాస్తా. నలభై దాటిన మనిషి. ఆయన కంటే ముందు ఆయన బొజ్జ గుమ్మం దాటేది. క్రిస్మస్ ఆరాధనలో ఒక్క పాటైనా వాయించాలని ఆయన కోరిక. ఎక్కడో పాత క్లారినెట్ కొని, తువ్వాల్లో చుట్టి, చంకలో మడత కుర్చీతో వచ్చాడు.

“కుర్చీ దేనికండీ?” అన్నాడు దానయ్య.

“కూర్చోడానికి.”

“అది లోపల పెట్టేయండి. ముందు ఎడం కాలు తీయండి.”

చాలా రోజులు తువ్వాలు విప్పనివ్వలేదు. క్వార్టర్ల మధ్య గల్లీలో సుందరరావు నడుస్తుంటే, పక్కన దానయ్య చప్పట్లతో తాళం వేసేవాడు. ఆఫీసులో తోటి గుమాస్తా, పరదేశి అనే ఆయన, అటు పోతూ సైకిల్ ఆపి, “ఏంటి గురూ, పోలీసు భర్తీకి వెళ్తున్నావా?” అని అడిగాడు.

తువ్వాలు విప్పాక అసలు కష్టం మొదలైంది. తప్పు స్వరం పడగానే సుందరరావు ఆగిపోయేవాడు.

“ఆగకూడదండీ. మీ వెనక పెళ్లికొడుకు ఎక్కిన గుర్రం ఉంది. మీరాగితే మీ మీదెక్కుద్ది.”

“ఇక్కడ గుర్రం లేదు కదా మాస్టారూ.”

“ఉందనుకోండి. సాధన అంటే అదే.”

గల్లీకి అడ్డంగా ఆవు పడుకుంటే, ఉన్నచోటే అడుగులు వేస్తూ అదే చరణం మళ్లీ మళ్లీ వాయించాలి. నీటి గుంట వస్తే స్వరం సాగదీసి దాటాలి. పాటలో మూడో వరుస దగ్గర ఎప్పుడూ ఒక గుంట వచ్చేది కాబట్టి, నేల ఎండిపోయాక కూడా సుందరరావు అక్కడ ఒక్క అంగ వేసి తీరేవాడు. చలికాలం వచ్చేసరికి వీధి కుక్కలు మొరగడం మానేశాయి. శిష్యుడు పాసయ్యాడన్నాడు దానయ్య.

క్రిస్మస్ ఉదయం తెలుగు చర్చి నిండిపోయింది. పాస్టరు యోహానుగారు ఎంతో మర్యాదగా వేదిక మీద మంచి కుర్చీ వేయించారు. సుందరరావు కూర్చుని ఊదాడు. సైకిల్ ట్యూబులోంచి గాలి పోయిన చప్పుడొచ్చింది. మళ్లీ ఊదాడు. ఈసారి అదీ రాలేదు. ఆయన భార్య ఎస్తేరు కొంగుతో ముఖం కప్పుకుంది.

వెనక వరుసలో ఉన్న దానయ్య ఆ కుర్చీ వైపే చూశాడు. చివరికి లేచి నిలబడి, “ఎడం కాలు, సుందరరావుగారూ,” అని కేకేశాడు.

సుందరరావు లేచి ఒక అడుగు వేశాడు. పాట పలికింది. వేదిక దిగి బల్లల మధ్యకు వచ్చేసరికి ఇంకా బాగా పలికింది. పాట మూడో వరుస దగ్గర శుభ్రమైన నేల మీద పెద్ద అంగ వేస్తే, ఏదో పడి ఉందని తర్వాత ఆయన వెనక వచ్చినవాళ్లు కూడా అక్కడ అలాగే దాటారు. పాట సగంలో ఉండగానే గుమ్మం వచ్చింది. పెళ్లి ఊరేగింపు ఎప్పుడూ వెనక్కి తిరగదు కాబట్టి, తిరగడం ఎలాగో దానయ్య నేర్పలేదు. సుందరరావు తిన్నగా వీధిలోకి వెళ్లిపోయాడు.

ఇది ముందే అనుకున్న ఏర్పాటు కాబోలని యోహానుగారు బైబిలు పట్టుకుని బయల్దేరారు. ఆయన వెనక సంఘమంతా పాడుతూ కదిలింది.

“దూల్హా కిధర్ హై?” అంటూ పెళ్లికొడుకు ఎక్కడని ఇరుగుపొరుగు అడిగితే, తెల్లటి అంగీలో ఉన్న యోహానుగారిని ఎవరో చూపించారు. ఒకాయన ఆయన ముందు చిందులు మొదలుపెట్టాడు.

రైల్వే గేటు దగ్గర గూడ్సు బండి అడ్డమొచ్చింది. సుందరరావు ఉన్నచోటే అడుగులు వేస్తూ అదే చరణం తిరగేస్తున్నాడు. దానయ్య పరుగెత్తుకొచ్చి, బీరువాను తిప్పినట్టు ఆయన్ని రెండు భుజాలు పట్టుకుని చర్చి వైపు తిప్పాడు. ఊరేగింపంతా తిరుగుదారి పట్టింది. ప్రసంగానికి వేళ మిగల్లేదు. అందుకు నొచ్చుకున్నది యోహానుగారొక్కరే.

విందులో సుందరరావు పక్కకు వచ్చాడు. “నేను కూర్చుని వాయించలేనని మీకు ముందే తెలుసా మాస్టారూ?”

“లేదండీ. నేనే కూర్చుని వాయించలేనని తెలుసు.”

“మరి చెప్పలేదేం?”

“చెబితే నా దగ్గర నేర్చుకుంటారా?”

“నేర్చుకోను,” అన్నాడు సుందరరావు. తన పళ్లెంలోని కోడిముక్క తీసి గురువుగారి పళ్లెంలో వేశాడు.

ఆ తర్వాత దానయ్య ఆ సంగతి దాచలేదు. అయినా శిష్యులు పెరిగారు. మరో వానాకాలంలో రత్నకుమారితో పనిచేసే ప్రమీల వచ్చింది.

“పొద్దుట్నుంచీ వార్డులో తిరిగి తిరిగి వచ్చాను మాస్టారూ. ఇంక ఒక్క అడుగు కూడా వెయ్యలేను,” అంది.

దానయ్య గడ్డం గోక్కుంటూ వీధి చివరిదాకా వెళ్లి, ఒక సైకిల్ రిక్షాను వెంటబెట్టుకొచ్చాడు. ప్రమీల అందులో కూర్చుని ఊదేది. ఆయన చక్రం పక్కన నడుస్తూ, “ఎడం పెడల్, ఎడం పెడల్,” అని తాళం చెప్పేవాడు. ప్రమీల కంటే ముందు రిక్షావాడికే పాట వచ్చేసింది.