ఒడ్డుకు రావడానికి ఎంతసేపు?

స్కార్‌బరోలో మన సరుకుల షాపులోంచి కరివేపాకు సంచితో బయటికి వచ్చానో లేదో, మెడ మీద చల్లగాలి తగిలింది. అంతవరకూ తారు రోడ్డు కాలిపోతున్న జూలై మధ్యాహ్నం. అది మామూలు గాలి కాదు, ఉరుముల మేఘం తన ముందు తోసుకొచ్చే గాలి. అది తగిలితే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది, భయంతో కంటే సంబరంతోనే ఎక్కువ. వెంటనే ఫోన్‌లో రాడార్ చూశాను. ఎర్రటి మేఘాల వరుస ఒకటి తూర్పుకు, ఒషావా ఊరి వైపు పరుగెడుతోంది. అక్కడ సరస్సు ఒడ్డు పార్కులో ఈరోజు అన్నపూర్ణ గారు తన తోటి పెద్దవాళ్ళతో పిక్నిక్‌లో ఉన్నారు. నంబరు నొక్కాను. ఆవిడ సంచీలో ఫోన్ వెతుక్కుని తీసేసరికి ఎలాగూ ఆలస్యమవుతుంది కాబట్టి, ఈలోగా ఆవిడెవరో చెప్పేస్తాను.

గ్వెల్ఫ్ యూనివర్సిటీలో చదువు ముగించి నేను చేరిన చిన్న వాతావరణ సంస్థలో ఆవిడ నా మొదటి బాస్. కాకినాడ మనిషి. వచ్చే వారం వాతావరణంతో మాకు పని లేదు. రాబోయే గంటా రెండు గంటల్లో పిడుగులు ఎక్కడ పడతాయో, గాలి ఎక్కడ విరుచుకుపడుతుందో చూసి, మైదానాల్లోనూ నీళ్ళ మీదా జనం ఉన్నచోటికి ముందే కబురు చెప్పడమే మా ఉద్యోగం. రాడార్ తెర ముందు అన్నపూర్ణ గారు కూర్చోగా నేను చూడలేదు. క్రికెట్‌లో ఆఖరి ఓవర్ చూస్తున్నట్టు నిలబడి కేకలు పెట్టేవారు. "చూడమ్మాయ్, ఎలా పొంగుతోందో!" అంటూ నా కుర్చీ పట్టుకుని ఊపేసేవారు. ఈవిడ కాస్త తేడా మనిషేమోనని మొదట్లో నాకు అనుమానం కూడా వచ్చింది.

నేను చేరిన మొదటి వేసవిలో, ఒక సరస్సు దగ్గర పిల్లల క్యాంపు నడిపే మేనేజర్ ఫోన్ చేశాడు. పడమటి వైపు కాస్త నల్లగా కనిపిస్తోంది, ఏమంటారు అని. నేను చదువుకున్నదంతా ఒలకబోశాను. "గంటలో గాలివాన వచ్చే అవకాశం అరవై శాతం" అన్నాను. "అంటే వస్తుందా, రాదా?" అన్నాడతను. నేను మళ్ళీ అరవై శాతమే అన్నాను. అన్నపూర్ణ గారు నా చేతిలోంచి ఫోన్ లాక్కుని, స్పీకర్ మీద పెట్టి, వాన ఊసే ఎత్తకుండా ఒక్కటే అడిగారు.

"పిల్లలందరూ ఒడ్డుకు రావడానికి మీకు ఎంతసేపు కావాలి?"

అతను లెక్కేసుకుంటూ మెల్లగా అన్నాడు. "చిన్నపిల్లల పడవలు దీవి అవతల ఉన్నాయి. తెడ్లు వేసుకుంటూ రావాలి. ముప్పావు గంట పడుతుంది."

సరిగ్గా అప్పుడే కొత్త రాడార్ చిత్రం వచ్చింది. అంతవరకూ తిన్నగా ఉన్న మేఘాల వరుస మధ్యలో విల్లులా ముందుకు వంగింది. "అదిగో, వంగింది! గాలి ముందుకు దూసుకొస్తోంది!" అని ఆవిడ బల్ల చరిచారు. "మేడమ్, ఇంకొక్క స్కాన్ చూసి చెబుదామా? అక్కడ ఇంకా ఎండగానే ఉందట. తీరా రాకపోతే?" అన్నాను.

"రాకపోతే పిల్లలు ఒడ్డున కూర్చుని మనల్ని తిట్టుకుంటారు. తిట్టుకోనీ!" అని, మేనేజర్‌తో "ఇప్పుడే వెనక్కి పిలవండి" అన్నారు.

ఆ ముప్పావు గంటా నేను ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. చివరికి ఫోన్ మోగింది. పిల్లలంతా భోజనాల హాల్లో ఉన్నారట, ఒక్కరూ తగ్గలేదట. అతని గొంతు వెనకాల కిటికీలు టపటపా కొట్టుకుంటున్నాయి. ఒడ్డున బోర్లించిన పడవల్ని గాలి ఎత్తి చెట్లలోకి విసిరేస్తోందని అరుస్తూ చెప్పాడు. నేను ఎగిరి గంతేశాను. అన్నపూర్ణ గారు మాత్రం మొదటిసారి కుర్చీలో కూలబడి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నారు. "మేఘం ఎంత వేగంగా వస్తోందో మనకి తెలుస్తుందమ్మా. వాళ్ళు ఎంత వేగంగా రాగలరో వాళ్ళనే అడగాలి. అది రాడార్‌లో కనబడదు" అన్నారు. ఇప్పుడు ఆ ఆఫీసులో ఆవిడ చోట నేను నిలబడుతున్నాను, ఏ ఫోన్ వచ్చినా ముందు అదే అడుగుతున్నాను.

ఇదిగో, ఫోన్ ఎత్తారు.

"వస్తోందా?" అన్నారు హుషారుగా, నమస్కారం కూడా చెప్పనివ్వకుండా.

"వస్తోంది మేడమ్. కారు దాకా వెళ్ళడానికి మీకు ఎంతసేపు కావాలి?"

ఒకప్పుడు ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున ఎక్కిన మనిషి ఆవిడ. "ఇదివరకైతే చిటికెలో వెళ్ళేదాన్ని. ఇప్పుడు ఈ మోకాళ్ళతో, ఈ వాకర్‌తో... అరగంటన్నా పడుతుందమ్మా" అన్నారు, కాస్త సిగ్గుపడుతూ.

"అయితే ఇప్పుడే లేవండి."

"ఇక్కడ ఎండ పేలిపోతోందే!"

"రాకపోతే నన్ను తిట్టుకోండి, కార్లో కూర్చుని."

పకపకా నవ్వారు. "పదండర్రా, పదండి!" అని పక్కవాళ్ళని లేపుతున్న గొంతు వినబడింది. అంతలో నా నెత్తిన వాన విరుచుకుపడింది. ఆవిడకి ఎంతసేపు కావాలో అడిగిన నేను, నా కారు ఎంత దూరంలో ఉందో చూసుకోలేదు. నిలువునా తడిసి, కరివేపాకు సంచితో సహా కార్లో పడ్డాను. వణుకుతూ, ఆ ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాను.

ఫోన్ మోగింది. గాలి హోరు, అద్దాల మీద వాన, వాటన్నిటినీ మించి ఆవిడ కేక.

"అందరం కార్లలో ఉన్నాం! అమ్మాయ్, ఆ అల చూడు, ఎలా లేస్తోందో!"