తల తిప్పిన గోల్‌కీపర్

ఊరకే వచ్చి ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే నాకు ముందు అనుమానం వస్తుంది. పంచర్ షాపువాడికి అది రోగం కాదు, పనిముట్టు. ట్యూబును నీళ్లలో ముంచి బుడగ ఎక్కడ లేస్తుందా అని చూడడంతోనే నా బతుకు తెల్లారింది. మనుషుల్నీ అలాగే చూస్తాను. మా ఊళ్లో నన్ను అనుమానాల రామాంజులు అంటారని తెలుసు. ఎదురుగా మాత్రం ఒక్కరూ అనరు, అందుకే వాళ్ల మీద ఇంకాస్త అనుమానం.

కాబట్టి పోయిన ఏడాది ప్రతాప్ మా షాపుకొచ్చి, రెండు టీలు తనే చెప్పి, "అన్నా, గోడ కమిటీలో నువ్వు ఉండల్ల" అన్నప్పుడు నేను టీ తాగలేదు. ఇదేం మెలికో ముందు తేలనీ అనుకున్నాను.

మా ఊరు శింగనమల దగ్గర. మా ఫుట్‌బాల్ జట్టుకు మైదానం చెరువే. వానలు పడక చెరువు ఎండిపోతే దాని కడుపులోనే ఆట, నీళ్లొస్తే ఆట బంద్. మా జట్టు గొప్పగా గెలిచిన ఏళ్లన్నీ ఊరు వలసపోయిన ఏళ్లే. ఇప్పుడు ఆడపిల్లల జట్టు కూడా ఉంది. దానికి కెప్టెన్ అశ్విని. మూతబడిన పాలకేంద్రం గదిని జట్టుకు ఇచ్చినప్పుడు, బయటి గోడ మీద పాత ఆటగాళ్ల బొమ్మలు వేయిద్దామన్నది ఆ పిల్లే. "మాకంటే ముందు ఎవరాడినారో మాకు తెలియల్ల కదన్నా" అంది. మాట బాగుంది. దాని వెనక ఎవరున్నారా అని రెండు రోజులు ఆలోచించాను. ఎవరూ లేరు.

గోడ మీద ఐదు బొమ్మలకు చోటుంది. ప్రతాప్ మా కాలం కెప్టెన్, ఇప్పుడు కమిటీ పెద్ద. తన బొమ్మ గురించి ఒక్క మాటా మాట్లాడలేదు, అది అప్పటికే గోడ మీద ఉన్నట్టే కూర్చున్నాడు. ఇంకో ముగ్గురి విషయంలో కాస్త అరుచుకుని ఒప్పుకున్నాం. నా పేరు ఎవరూ ఎత్తలేదు. నేను కుడి పక్క పరుగెత్తేవాణ్ని, పరుగెత్తడం ఒక్కటే చేసేవాణ్ని కనక దాంట్లో కుట్ర ఏమీ లేదు.

ఐదో చోటు దగ్గర బండి ఆగింది. గోల్‌కీపర్ లేకుండా జట్టు ఉండదు, మా కీపరంటే ఓబన్నే. కానీ ఓబన్న పేరు ఎవరూ పలకలేదు.

ఓబన్నది గొర్రెల కాపరుల ఇల్లు. చేలోకి ఉరికే మందను చిన్నప్పటి నుంచీ చేతులు చాచి అడ్డుకున్నవాడు గోలు ముందు నిలబడితే ఇక చెప్పేదేముంది? బంతి కొట్టేవాడి కాలు చూసేవాడు కాదు, కళ్లు చూసేవాడు. వాళ్ల నాయన గంగప్ప కట్ట మీద మంద మేపుకుంటూ ఉండేవాడు, కొడుకు కింద గోలు కాసేవాడు. అలా నాలుగు వేసవులు మమ్మల్ని మోశాడు. ఐదో వేసవిలో విడపనకల్లు జట్టుతో ఫైనల్ మా చెరువులోనే జరిగింది. ఆ ఆట గురించి ఇరవై ఏళ్లుగా ఊరు మాట్లాడుకుంటూనే ఉంది.

ఆట సమానంగా ఉంది. కాసేపట్లో అయిపోతుందనగా వాళ్ల కుర్రాడొకడు బంతిని తన్నాడు. పసిపిల్లవాడైనా ఆపగలిగేంత మెల్లగా దొర్లుతూ వచ్చింది. నేను పక్కనే ఉన్నాను, నా కళ్లారా చూశాను. బంతి దగ్గరికొచ్చే వేళకు ఓబన్న తల తిప్పి కట్ట వైపు చూశాడు. బంతి లోపలికి పోయింది. మేం ఓడిపోయాం.

కట్ట మీద ఎవరున్నారు? విడపనకల్లు నుంచి వచ్చినవాళ్లు. ఓబన్న భార్య కదిరమ్మది ఏ ఊరు? విడపనకల్లే. వారం తిరక్కుండా ఓబన్న వాకిట్లోకి అత్తగారి ఊరి నుంచి మంచి సూడి గొర్రె ఒకటి వచ్చింది. ఇంకేం కావాలి? గొర్రెకు అమ్ముడుపోయాడని ఊరు తీర్పు చెప్పింది. ఊళ్లో అందరికంటే ముందు చెప్పినవాణ్ని నేనే అయ్యుంటాను, లేదా రెండోవాణ్ని. ఓబన్న ఒక్క మాటా అనలేదు. మళ్లీ బంతి ముట్టలేదు. మందను తోలుకుపోయేటప్పుడు కూడా మైదానం వైపు రాకుండా చుట్టు తిరిగి పోయేవాడు. పెళ్లికి పిలిస్తే వచ్చి, తిని, ఎవరితోనూ కూర్చోకుండా వెళ్లిపోయేవాడు.

"రామాంజులన్నా, నువ్వే పోయి కనుక్కో" అన్నాడు ప్రతాప్. "అమ్ముడుపోయినాడని తేలితే ఐదోది ఇంకెవరిదన్నా గీపిద్దాం. నీకంటే అనుమానం ఎవరికుండాది?"

నన్ను కమిటీలో వేసింది ఇందుకన్నమాట. పాపం తనకంటకుండా ఓబన్నను నా చేత పక్కకు తోయించాలని. అప్పుడు గానీ ఆ టీ లెక్క నాకు అర్థం కాలేదు.

సాయంత్రం ఓబన్న ఇంటికెళ్లాను. గంగప్ప వాకిట్లో మంచం మీద ఉన్నాడు. ఇప్పుడు ఆయనకు రెండు కళ్లూ కనబడవు. చిరిగి దారాలు వేలాడుతున్న పాత కంబళి కప్పుకున్నాడు. లోపల దండెం మీద కొత్త కంబళి మడత పెట్టి ఉంది.

"అదుండగా ఇదేంటికి మామా?" అన్నాను.

"అది ఆ గొర్రె సంతతి బొచ్చుతో నేసింది" అన్నాడు ముసలాయన. "ఊరిని అమ్ముకుని తెచ్చిన గొర్రె. దాన్ని నేను కప్పుకోను."

ఓబన్న పక్కనే కూర్చుని తాడు పేనుతున్నాడు. తల ఎత్తలేదు. గోడ సంగతి చెప్పాను.

"నన్ను గోడకెక్కించొద్దండన్నా" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, అప్పుడు నా అనుమానం రెండింతలైంది. తప్పు చేయనివాడు పేరు వద్దంటాడా? బయటికొస్తుంటే కదిరమ్మ పేడకళ్లు ఎత్తుతూ కనబడింది. ఆ గొర్రె ఎందుకొచ్చిందని మొహం మీదే అడిగాను.

"తొలికాన్పు అయితే పుట్టింటోళ్లు గొర్రెనిస్తారు. మా కులంలో ఎవరినన్నా అడుగుపో" అంది. "ఆ నెలలో నాకు కూతురు పుట్టినాదని ఊరంతటికీ తెలుసు. గొర్రె ఏంటికొచ్చినాదో మాత్రం ఒక్కరికీ తెల్దు."

అడిగాను. నిజమే, వాళ్లలో అది వాడుకే. కానీ తల? గొర్రె సంగతి తేలినా తల తిప్పిన సంగతి తేలలేదు. వాడు కట్ట వైపు చూడడం నా కళ్లతో చూశాను కదా.

నాలుగు రోజుల తర్వాత షాపు మూసి గుట్ట ఎక్కాను. ఓబన్న రాతి మీద కూర్చుని ఉన్నాడు, కింద మంద మేస్తోంది. ఈసారి గట్టిగా పట్టుకోవాలనే వెళ్లాను. "నీ పేరు నువ్వే చెడగొట్టుకుంటాండావు, నిజం చెప్పు" అని మొదలుపెట్టాను. వాడు ఏదో అనబోయాడు. అంతలో గుట్ట అవతల నుంచి కదిరమ్మ కూత వినబడింది. సన్నగా లేచి చివర్లో విరిగే కూత. నాకు అది రోజూ వినబడే కాపరుల అరుపుల్లో ఒకటి, అంతే. ఓబన్న మాత్రం మాట మధ్యలో ఆపి గభాలున తల తిప్పాడు. మెడ, భుజం, నోరు తెరిచి ఉండడం, అన్నీ అవే. ఇరవై ఏళ్ల కిందట గోలు ముందు నేను చూసిన తల అదే.

వాడు పరుగెత్తి వెళ్లి, మందలో దూరిన కుక్కను తరిమి, ఆయాసపడుతూ వచ్చాడు.

"ఆ కూత ఏంటిది?" అన్నాను.

"మా ఇంటి కూతన్నా. మందలో ఏదో పడినాదని. మా ఇంట్లోవాళ్లకే తెలుస్తాది."

"ఫైనల్ పొద్దు కట్ట మీద మంద ఎవరి చేతిలో ఉన్నింది?"

వాడు కట్టెతో నేల మీద గీతలు గీశాడు.

"నాయన చేతిలో" అన్నాడు చివరికి.

కొంచెం కొంచెంగా చెప్పాడు. బంతి వస్తుండగా కూత వినబడింది. తిరగకూడదని అనుకునేలోపే తల తిరిగిపోయింది. ఆట అయిపోగానే కట్ట మీదికి పరుగెత్తాడు. చూస్తే కుక్కా లేదు, తోడేలూ లేదు. ఎవరిదో నల్లగొడుగు గాలికి దొర్లుకుంటూ మందలోకి వచ్చింది. గంగప్ప దాన్ని కట్టెతో బాదుతున్నాడు. అప్పుడు తెలిసింది ఓబన్నకు, నాయనకు చూపు పోతోందని.

"అప్పుడే చెప్పి ఉండొచ్చు కదరా."

"మందలో సగం ఊరోళ్ల గొర్రెలన్నా. కండ్లు ఆననోని చేతికి గొర్రెలు ఎవురిస్తారు? తెల్లారేపాటికి ఎవరివి వాళ్లు తోలుకుపోయేవాళ్లు. మంద లేకుంటే నాయన ఏమైపోతాడు? నాకైతే ఆట పోతాది, అంతే కదా."

"ఇప్పుడు చెప్పొచ్చు కదా. ఇప్పుడాయన మంద కాయడు."

"ఇప్పుడింకా చెప్పకూడదు. ఇన్నేండ్లు నన్ను తిట్టినాడు. చెప్తే ఆ తిట్లన్నీ తిరిగొచ్చి ఆయనకే తగుల్తాయి." కాస్త ఆగి అన్నాడు, "అయినా నన్నెవరూ అడగలేదన్నా. మీరందరూ చెప్పుకున్నారు, అంతే."

గుట్ట దిగాను. నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లు అనుమానించాను గానీ, ఒక్కసారి వెళ్లి అడగాలని తోచలేదు.

కమిటీలో చెప్పాను, ఓబన్న అమ్ముడుపోలేదని.

"రుజువేముండాది?" అన్నాడు ప్రతాప్.

"చెప్పను. నేను నమ్మినాను."

ప్రతాప్ నవ్వాడు. "నీ వాకిట్లోకి ఎన్ని గొర్రెలొచ్చినాయన్నా?"

చెయ్యి లేచింది గానీ ఆపుకున్నాను. అనుమానం ఇవతలి నుంచి ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆదుకున్నది అశ్వినే. "ఈయన పంచర్ లేని ట్యూబును కూడా నమ్మడు. ఈయనే నమ్మినాడంటే ఇంకేం రుజువు కావల్ల?" అంది. అందరూ నవ్వారు, ఆ నవ్వులోనే ఐదో చోటు ఓబన్నదైపోయింది. ఓబన్న ఒప్పుకోలేదు, కాదనడానికీ రాలేదు.

గోడ బొమ్మలకు తెర తీసే రోజు పొద్దున బాగా చలిగా ఉంది. గంగప్ప రానన్నాడని తెలిసి నేనే పిలుచుకురావడానికి వెళ్లాను. ఓబన్న అప్పటికే మంద తోలుకుని గుట్టెక్కాడు. ముసలాయన పాత కంబళిలో ముడుచుకుని వణుకుతున్నాడు.

"అమ్ముడుపోయినోని బొమ్మకు నేనేంటికి?" అన్నాడు.

"అమ్ముడుపోలేదు మామా. నేను కనుక్కున్నా."

"మల్ల తల ఏంటికి తిప్పినాడు?"

నాకు అబద్ధాలు పట్టుకోవడం వచ్చు, ఆడడం రాదు. నోటికొచ్చింది అనేశాను. "పొద్దు కండ్లల్లో కొట్టినాదంట."

ముసలాయన వణుకు ఆపి నా గొంతు వైపు తిరిగాడు. "ఆ గోలు కాడ నిలబడినోని మొగం యా పక్క?"

"తూర్పు" అన్నాను, అన్నాక నాలుక కరుచుకున్నాను.

"ఆట సందెకాడ. తూర్పు మొగం పెట్టినోనికి సందెపొద్దు కండ్లల్లో ఎట్ల కొడతాదప్పా?"

జీవితమంతా ఎండలో మంద కాచిన మనిషితో పొద్దు గురించి అబద్ధమాడాను. అంత తెలివితక్కువ పని ఎప్పుడూ చేయలేదు.

"కట్ట దిక్కు చూసినాడని చెప్పినారు" అన్నాడు గంగప్ప, నాతో కాదు. "కట్ట మీద విడపనకల్లోళ్లు ఉండారని చెప్పినారు. నేనూ ఆడనే ఉంటి." చేతులు కంబళి అంచును తడుముతున్నాయి. "నేను కూత వేసినా. కుక్కనుకున్నా. వాడొచ్చి నా చేతిలో కట్టె పట్టుకున్నాడు. అది గొడుగు నాయనా అన్నాడు. ఆట ఓడినోడు ముందు నా కాడికే ఏంటికి ఉరికొచ్చినాడని, నేను అడగలేదు."

కదిరమ్మ గడప దగ్గర నిలబడి ఉంది. ముసలాయన ఇంకెవరి మాటా వినలేదు.

"అమ్మీ, దండెం మీద కంబళి ఇట్ల తే."

ఆమె నా వైపు చూసింది, ఏం చెప్పావని. నేను తల తిప్పుకున్నాను. ఆమె కంబళి తెచ్చి ఆయన భుజాల మీద కప్పింది. పాతది కింద పడింది. గంగప్ప కొత్తదాన్ని రెండు చేతులతో దగ్గరికి లాక్కుని, నా భుజం ఆసరాతో లేచి, గుట్ట ఎటుందో అడక్కుండానే అటు తిరిగి నిలబడ్డాడు.

తర్వాత కూత వేశాడు. ముసలి గొంతు, చివర్లో విరిగింది.

గుట్ట మీద ఓబన్న తల తిప్పాడు. మందను అక్కడే వదిలేసి పరుగెత్తుకుంటూ కిందికి వస్తున్నాడు.