అరటిగెల చూపిన బుట్ట

ఆ రోజుల్లో తెనాలిలో బాస్కెట్‌బాల్ ఆడాలంటే మనిషి పొడుగు ఉండక్కర్లేదు, హాజరు పొట్టిగా ఉంటే చాలు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మా డిగ్రీ కాలేజీ గేమ్స్ మాస్టారు జట్టుని అలాగే ఎంపిక చేశారు. నోటీసు బోర్డులో హాజరు చాలనివాళ్ళ జాబితా చూసి, పైనుంచి పదిమందిని కోసుకొచ్చారు. అందులో మొదటి పేరు నాది కాబట్టి కెప్టెన్‌ని నేనే. (ఏ జాబితాలోనైనా నేను మొదట నిలబడింది అదొక్కసారే.) ప్రిన్సిపాల్‌గారి షరతు ఒక్కటే: "సీజన్‌లో మూడు మ్యాచ్‌లు. ఒక్కటి గెలవండి, ఆటల కింద హాజరు వేయిస్తాను. లేదంటే పరీక్షలు వచ్చే ఏడాది రాసుకోండి." పరీక్ష తప్పితే నన్ను దుగ్గిరాల యార్డులో పసుపు బస్తాలు కుట్టడానికి పంపుతానని మా నాన్న అప్పటికే దబ్బనం చూపించి మరీ చెప్పి ఉన్నారు.

చిక్కల్లా మా కోర్టుతోనే. దానికి పడమటి బుట్ట ఒక్కటే ఉండేది. తూర్పు స్తంభం తుపానుకి పడిపోతే, క్యాంటీన్ బాబాయి దాన్ని తన రేకుల షెడ్డుకి గుంజగా పాతుకుని, రింగుకి అరటిగెల వేలాడదీశాడు. అందుచేత మేం పదిమందిమీ మూడు నెలలు పడమటికే పరిగెత్తాం, పడమటికే విసిరాం, కలలో కూడా పడమటికే ఎగిరాం. మాలో నిజంగా పొడుగున్నవాడు కొబ్బరిచెట్టు ఒక్కడే. (అసలు పేరుతో పిలిస్తే వాడు పలికేవాడు కాదు.) కళ్ళు మూసుకుని విసిరినా వాడికి బుట్ట పడేది. పడమటికైతే.

మొదటి మ్యాచ్ రేపల్లెలో. సగం ఆటకి మాదే పైచేయి. అప్పుడు రిఫరీ ఈల వేసి, ఇక జట్లు బుట్టలు మార్చుకోవాలన్నాడు. అంటే, ఇంతసేపూ మేం వేసిన బుట్టని ఇప్పుడు మేమే కాచుకోవాలి. అందులో ఏం పడినా రేపల్లె లెక్కలోకి పోతుంది. ఈ సంగతి రూల్సు పుస్తకంలో ఉందట. మా పుస్తకం క్యాంటీన్‌లో పకోడీ పొట్లాలైపోయింది. అలవాటుపడ్డ కాళ్ళు పాత బుట్టకే పోయాయి. కొబ్బరిచెట్టు వరసగా ఆరు వేశాడు, ఆరూ మా బుట్టలోనే. రేపల్లెవాళ్ళు అడ్డుకోవడం మానేసి మర్యాదగా దారిచ్చారు. "కానివ్వన్నా, కానివ్వు! మాకెందుకు శ్రమ?" అన్నాడొకడు.

రెండోది బాపట్లలో. అక్కడ జాగ్రత్తపడ్డాం, పడడం కాస్త ఎక్కువైంది. బంతి దొరికినవాడల్లా ఆగి, "ఒరేయ్, మనది ఎటురా?" అని సభ పెట్టేవాడు. తీర్మానం అయ్యేలోపు బంతి వాళ్ళ చేతికి పోయేది.

మిగిలిందొక్కటే. సొంత కోర్టులో, మళ్ళీ బాపట్లవాళ్ళతోనే. మాస్టారు షెడ్డు విప్పించి రెండో స్తంభాన్ని తూర్పున పాతించారు. "మరి నా గెల ఎక్కడ పెట్టుకోమంటారండి?" అని బాబాయి లబోదిబోమంటుంటే నాకు తళుక్కున తట్టింది. "బాబాయ్, గెల భుజాన వేసుకుని మేం వెయ్యాల్సిన బుట్ట వెనకాల నిలబడు. సగం కాగానే అటు మారు. మేం గెలనే చూసుకుంటాం." మాస్టారు నా వీపు తట్టి, "ఇంత తెలివి పెట్టుకుని క్లాసుకెందుకు రావురా?" అన్నారు.

నమ్మండి, ఆ రోజు మేం నిజమైన జట్టులా ఆడాం. (నా మాట నమ్మేవాళ్ళు తెనాలిలో ఇంకా ఇద్దరు ముగ్గురున్నారు.) సగం కాగానే బాబాయి తూర్పుకి నడిచాడు, మేమూ తూర్పుకి తిరిగాం. ఆఖరి నిమిషం. స్కోర్లు సమానం. బంతి కొబ్బరిచెట్టు చేతిలో. సరిగ్గా అప్పుడే పడమటి వైపు కుర్చీలో ఉన్న ప్రిన్సిపాల్‌గారికి ఆకలేసింది.

"ఏమయ్యా, రెండు పళ్ళు ఇటు పట్రా!"

"వస్తున్నానండి!"

గెల పడమటికి కదిలింది. కొబ్బరిచెట్టూ కదిలాడు. "అటు కాదురా, సన్నాసీ!" అని నేను వెంటపడ్డాను. మూడు నెలల సాధనంతా వాడి చేతుల్లోకి వచ్చింది. అంత అందమైన బుట్ట నేను మళ్ళీ చూడలేదు. బాపట్లవాళ్ళు వాణ్ణి భుజాలకెత్తుకుని ఊరేగించారు.

"ఓడిపోయారుగా?" అన్నారు ప్రిన్సిపాల్‌గారు, అరటితొక్క చేత్తో పట్టుకుని.

"తమరు పళ్ళు అడక్కపోతే..." అని మాస్టారు నసిగారు.

ఆయన తొక్క వంక కాసేపు చూసి, "సరే, యూనివర్సిటీకి సీజన్ రిపోర్టు పంపాలి. ఏం రాస్తారో చూసి చెప్తాను," అన్నారు. కెప్టెన్ హోదాలో నేనే రాశాను: "ఈ సీజన్ మొత్తం మీద అత్యధికంగా బుట్టలు వేసినది మా విద్యార్థులే." అందులో అబద్ధం అక్షరం లేదు. ఎవరి బుట్టలో అని ఎవరూ అడగలేదు. హాజరు పడింది, హాల్‌టికెట్ వచ్చింది, మా ఇంట్లో దబ్బనం మళ్ళీ గోడకెక్కింది.

మొన్న బాపట్ల స్టేషన్లో కొబ్బరిచెట్టు కనిపించాడు. నెత్తిన మట్టలన్నీ రాలిపోయాయి. తెనాలి బండి వస్తోందని మైకులో వినగానే వాడు వంతెన మీదుగా పరుగు తీశాడు. కెప్టెన్‌ని కదా, నేనూ వెంటపడ్డాను. ఇద్దరం రొప్పుతూ అవతల దిగేసరికి, బండి మేం వదిలొచ్చిన ప్లాట్‌ఫారం మీదే ఆగి, మమ్మల్ని చూసి, వెళ్ళిపోయింది.

"ఇటేనేమో అనిపించిందిరా," అన్నాడు వాడు సిగ్గుపడుతూ.

వాడి వెనక్కి చూశాను. అరటిపళ్ళ బండి. చెరో రెండు పళ్ళు తిని, మోకాళ్ళు పట్టుకుని మెల్లగా మళ్ళీ వంతెనెక్కాం.